ఎర్త్ వైరు పీకొద్దన్నా: జెట్టీ కరెంటుతో బోటు అల్యూమినియం తినేస్తుంటే ఏం చేయాలి

మీరు అడిగింది ఇది: గండికోట బ్యాక్‌వాటర్‌లో అల్యూమినియం గొట్టాల మీద తేలే పాంటూన్ బోటు ఉంది. రాత్రిపూట ఇనుప జెట్టీకి కట్టేసి, జెట్టీ మీది ప్లగ్గు నుంచి బ్యాటరీ చార్జరుకూ ఫ్రిజ్‌కూ కరెంటు ఇస్తున్నారు. ఏడాది తిరక్కుండానే గొట్టాల మీద తెల్లపొడి లేచింది, గీకి చూస్తే కింద గుంటలు. ఎర్త్ వైరు తీసేస్తే ఆగిపోతుందని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. తీసేయొచ్చా?

తీయొద్దన్నా. నేను కాకినాడ వైపు జెట్టీల మీద కొన్నేళ్ళు ఎలక్ట్రికల్ పని చేసి, ఇప్పుడు జమ్మలమడుగులో మోటార్లకు వైండింగ్ చేస్తున్నాను. ఈ సలహా అక్కడా విన్నాను, ఇక్కడా వింటున్నాను. ఎర్త్ తీస్తే లోహం తినడం చాలావరకు తగ్గే మాట వాస్తవమే. అందుకే నమ్మి తీసేస్తారు. కానీ ఒకసారి అట్ల ఎర్త్ తీసేసిన బోటులో హీటరు కాయిల్ లీకైంది. బోటు లోహమంతా కరెంటు పాకింది. నీళ్ళలో నిలబడి తాడు విప్పబోయిన కుర్రోడికి చేతులు బిగుసుకుపోయినాయి. పక్కనున్నోళ్ళు పరిగెత్తి మెయిన్ ఆపబట్టి బతికినాడు. మంచినీళ్ళలో ఈ ప్రమాదం సముద్రంలో కన్నా ఎక్కువ. ఉప్పునీళ్ళు మన ఒంటికన్నా బాగా కరెంటు మోస్తాయి కాబట్టి కరెంటు మనిషిని వదిలి నీళ్ళ గుండా పోతుంది. మంచినీళ్ళలో అయితే మనిషి ఒళ్ళే మంచి దారి. పది ఇరవై మిల్లీయాంపులకే కండరాలు పట్టుకుపోయి ఈత ఆగిపోతుంది. పెన్నలో పిల్లోళ్ళు ఈదులాడే చోట ఎర్త్ లేని బోటు కట్టేయడం నాకు ఊహించుకోవడానికే భయం.

అసలు తినడం ఎందుకొస్తుందో చూద్దాం. రెండు వేరు వేరు లోహాలు ఒకే నీళ్ళలో ఉండి, వాటిని పైన తీగ కలిపితే అది టార్చి సెల్లు లాంటిదే. ఒక లోహం కరుగుతుంది, ఇంకోటి భద్రంగా ఉంటుంది. జింకు, అల్యూమినియం, ఇనుము, రాగి వరుసలో ముందున్నది కరిగి వెనకున్నదాన్ని కాపాడుతుంది. మీ బోటు ఒక్కటే నీళ్ళలో ఉంటే దీని జోరు తక్కువ. ప్లగ్గు పెట్టగానే చార్జరు బాడీ, బోటు అల్యూమినియం, కేబుల్లోని పచ్చ వైరు (అదే ఎర్త్ వైరు), జెట్టీ ఇనుము, గట్టు మీది ఎర్త్ గుంతలో రాగి ప్లేటు అన్నీ ఒకే తీగ మీదికి వస్తాయి. జెట్టీ దిమ్మెల్లోని కమ్మీలు కూడా ఆ ఎర్త్‌కు తగులుకొని ఉంటే ఇంకా చెడ్డ. కాంక్రీటు లోపలి ఇనుము బయటి ఇనుము లెక్క తుప్పుకు లొంగదు, రాగి పక్షం చేరిపోతుంది. అంత పెద్ద లోహానికి ఎదురుగా కరగాల్సింది మీ గొట్టాలే. పక్కన ఇంకో బోటు అదే ప్లగ్గుల వరుసలో ఉంటే, మీరు డబ్బు పెట్టి బిగించిన ఆనోడు (బోటు బదులు తాను కరిగేందుకు పెట్టే లోహపు దిమ్మె) దాన్నీ మోస్తుంది.

ఎంత కరుగుతుందో లెక్క కట్టొచ్చు. ఒక్క యాంపు డీసీ (సెల్లులో లాగా ఒకే వైపు పారే కరెంటు) ఏడాది పొడుగునా పారితే సుమారు 2.9 కిలోల అల్యూమినియం పోతుంది. అదే ఇనుమైతే 9 కిలోల పైచిలుకు, జింకైతే 10.7 కిలోలు. మీ తీగలో పారేది 10 మిల్లీయాంపులే అనుకున్నా ఏడాదికి 29 గ్రాములు. వినడానికి కొంచెమే. కానీ అది గొట్టం అంతటా సమంగా పోదు. పెయింటు లేచిన చోట, వెల్డింగు పక్కన గుచ్చినట్టు పోతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల రేకుకు చిల్లి పడటానికి ఆ 29 గ్రాములు చాలు.

కాబట్టి ముందు కొలవండి. జెట్టీ మీద ఎంసీబీ (షార్టు అయితే పడిపోయే స్విచ్) ఆపండి, ప్లగ్గు తీయండి. మల్టీమీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి జెట్టీ సాకెట్ ఎర్త్‌కూ బోటు ప్లగ్గు ఎర్త్ పిన్నుకూ మధ్య చూడండి. అక్కడ రెండు మూడు వోల్టులు దాటి ఏసీ కనిపిస్తే ఆగిపోయి ముందు జెట్టీ వైరింగ్ చూపించండి. అది లేకపోతే డీసీ వోల్టులు చూడండి. పావు వోల్టు, అర వోల్టు కనిపిస్తే మీ గుంటలకు కారణం దొరికినట్టే. తర్వాత మీటరును మిల్లీయాంపుల్లోకి మార్చి అదే రెండు చోట్ల పెడితే పారే కరెంటు తెలుస్తుంది. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు ఒకసారి, కాలువ నీళ్ళు వచ్చినాక ఒకసారి కొలిస్తే మంచిది. నీళ్ళలో కరిగిన ఉప్పులు పెరిగే కొద్దీ ఈ కరెంటూ పెరుగుతుంది.

ఇదే పనిలో బోటు లోపలి 12 వోల్టుల లైను కూడా చూడండి. అడుగున నీళ్ళు తోడే పంపు వైరు చర్మం లేచి ఆ నీళ్ళలో పడి ఉంటే, బ్యాటరీ ప్లస్ నుంచి పారే కరెంటు ముందు చెప్పినదానికన్నా ఎన్నో రెట్లు వేగంగా తింటుంది. ఏడాది పట్టే నష్టం వారాల్లో అయిపోతుంది. మెయిన్ స్విచ్ ఆపి, బ్యాటరీ ప్లస్‌కూ దాని కేబులుకూ మధ్య మిల్లీయాంపులు పెట్టి చూస్తే లీకు బయటపడుతుంది.

ఇక నివారణ. ఎర్త్ వైరు ఉండాలి, దాని గుండా ఆ చిన్న డీసీ పారకూడదు. దీనికి గాల్వానిక్ ఐసొలేటర్ అని ఒక డబ్బా దొరుకుతుంది. బోటు లోపలికి కేబులు వచ్చిన వెంటనే, పచ్చ వైరులో సిరీస్‌గా బిగిస్తారు. లోపల డయోడ్లు, అంటే కరెంటును ఒకవైపే పోనిచ్చే ముక్కలు, రెండేసి ఎదురెదురుగా ఉంటాయి. ఒక్కో డయోడు 0.6, 0.7 వోల్టుల దాకా దారి ఇవ్వదు కాబట్టి సుమారు 1.2 వోల్టుల వరకు డీసీ ఆగిపోతుంది. అల్యూమినియానికీ రాగికీ మధ్య తేడా మామూలుగా అంతకు తక్కువే. షార్టు అయినప్పుడు 230 వోల్టులు వస్తే డయోడ్లు వెంటనే తెరుచుకొని కరెంటును భూమిలోకి పంపుతాయి, ఎంసీబీ పడిపోతుంది. మంచి ఐసొలేటర్‌లో పక్కనే కెపాసిటర్ కూడా ఉంటుంది. ఇప్పటి చార్జర్లు ఎర్త్‌లోకి కొంచెం ఏసీ వదులుతూనే ఉంటాయి, ఆ ఏసీ డయోడ్లను తెరిచిపెట్టకుండా కెపాసిటర్ దాన్ని దాటిస్తుంది.

బ్రిడ్జి రెక్టిఫయర్ (నాలుగు డయోడ్లు కలిపిన ముక్క) ఒకటి కొని ప్లస్సూ మైనస్సూ కలిపేస్తే ఇదే తయారవుతుందని వీడియోలు చూసి మా షాపుకొచ్చే పిల్లలు చెబుతుంటారు. సర్క్యూట్ అదే, కాదనను. కానీ షార్టు కరెంటు ఒక్క దెబ్బకు ఆ చిన్న డయోడు తెగిపోతే ఎర్త్ పోయినట్టే, పోయినట్టు ఎవరికీ తెలియదు. ప్రాణం ఆధారపడే చోట అట్ల చేయొద్దు. చెడిపోతే తెగకుండా కలిసిపోయే రకం, మీ 16 యాంపుల లైనుకు తగ్గ రేటింగ్ ఉన్నది కొనండి. ఆరు నెలలకోసారి కరెంటు పూర్తిగా తీసి, దాని రెండు చివర్ల వైర్లు విప్పి, మీటరు డయోడ్ మోడ్‌లో రెండు వైపులా చూడండి. కెపాసిటర్ నిండటానికి కొన్ని సెకన్లు పడుతుంది, తర్వాత 0.9 వోల్టుల దరిదాపుల్లో నిలబడాలి. సున్నా వస్తే కాపాడటం మానేసింది. ఏమీ చూపించకపోతే ఎర్త్ లేదు, ఆ క్షణమే మార్చాలి.

దీనికన్నా గట్టిది ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. గట్టు కరెంటుకూ బోటు కరెంటుకూ మధ్య తీగ సంబంధమే ఉండదు, అయస్కాంతం ద్వారానే కరెంటు దాటుతుంది. జెట్టీ ఎర్త్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఆగుతుంది, బోటుకు తన సొంత ఎర్త్ మొదలవుతుంది. పెద్ద ఎయిర్ కండిషనర్లు, వంటగది ఉన్న బోటుకు నేను ఇదే చెబుతాను. బరువూ ఖర్చూ ఎక్కువ. మన వైపు వైండింగ్ షాపుల్లో ఒకటికి ఒకటి (ఎన్ని వోల్టులు ఇస్తే అన్నే ఇచ్చే) ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిస్తారు గానీ, రెండు వైండింగుల మధ్య షీల్డు, నీటి తేమ తట్టుకునే వార్నిష్ లేకుండా బోటులో పెట్టించుకోవద్దు. ఈ పని చేసేవాడిగానే చెబుతున్నాను.

ఏది పెట్టినా జెట్టీ వైపు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండి తీరాలి. టెస్టు బటన్ నెలకోసారి నొక్కండి.

మీ విషయంలో మాత్రం నేను ఇంకో మాట అంటాను. రాత్రంతా ప్లగ్గు పెట్టి ఉంచాల్సిన అవసరం నిజంగా ఉందా? మైలవరం మండలంలో సోలార్ పార్కు పెట్టేంత ఎండ మనది. బోటు కప్పు మీద రెండు ప్యానెళ్ళు వేస్తే బ్యాటరీలకు చాలావరకు సరిపోతుంది. గట్టుకు తీగే ఉండదు కాబట్టి ఆ దారిలో తినడమూ ఉండదు. ఫ్రిజ్ 12 వోల్టులదైతే ఇంకా సులువు. లేదంటే చార్జరును జెట్టీ మీదే పెట్టె కట్టి ఉంచి, బోటులోకి 12 వోల్టుల వైర్లు మాత్రమే తీసుకోండి. అవుట్‌పుట్ ఎర్త్‌కు కలవని చార్జరైతే అల్యూమినియం గట్టుతో కలవదు, 230 వోల్టులు బోటెక్కవు. నాకు ఇదే అన్నిటికన్నా నచ్చిన పద్ధతి. అయితే బోటును జెట్టీకి ఇనుప గొలుసుతో కట్టొద్దు. ఆ గొలుసు అల్యూమినియానికి తగిలితే పచ్చ వైరు చేసే పనే చేస్తుంది. నైలాన్ తాడు వాడండి, మధ్యలో రబ్బరు ఫెండర్లు పెట్టండి.

ఆనోడ్ల సంగతి. సముద్రంలో బోట్లకు వాడే జింకు దిమ్మెలు ఇక్కడ పనిచేయవు. మంచినీళ్ళలో వాటి మీద పొర కట్టి నిద్రపోతాయి. చూడటానికి కొత్తవాటిలాగే ఉంటాయి, బోటేమో తినేస్తుంటుంది. మంచినీళ్ళకు మెగ్నీషియం కావాలి, గీజరులో ఉండే రాడ్డు లోహమే. అవి మన ఊళ్ళల్లో దొరకవు, విశాఖ, చెన్నై, కొచ్చి వైపు బోటు సామాన్ల వాళ్ళ దగ్గర తెప్పించాలి. లోహానికి లోహం తగిలేలా పెయింటు గీకి బిగించండి, ఆనోడు మీద మాత్రం పెయింటు వేయొద్దు. సగం కరగగానే మార్చండి. ఎక్కువ పెడితే మంచిదని గుట్టలుగా పెట్టొద్దు, అల్యూమినియం అతి రక్షణకు కూడా దెబ్బతింటుంది, పెయింటు బుడగలు లేస్తుంది. బోటును ఎప్పుడైనా సముద్రానికి తీసుకెళ్తే మెగ్నీషియం విప్పేయండి.

గుంటలు పడిన చోట ఇప్పుడు చేయాల్సింది: బోటు ఒడ్డుకు లాగి, తెల్లపొడి ప్లాస్టిక్ బ్రష్‌తో తీయండి. ఇనుప బ్రష్ వాడితే ఇనుప రజను అల్యూమినియంలో దిగిపోయి కొత్త గుంటలు పుడతాయి. లోతు కొలిపించి, రేకు సగానికి పైగా పోయిన చోట అల్యూమినియం వెల్డింగ్ తెలిసినోళ్ళతో ముక్క వేయించండి. మిగతా చోట ఎపాక్సీ ప్రైమరు వేసి పెయింటు కొట్టించండి. రాగి కలిసిన పెయింటు మాత్రం అల్యూమినియానికి తగలనీయొద్దు. స్టీలు బోల్టుల కింద నైలాన్ వాషర్లు వేయించండి. డెక్ సందుల్లో, గొట్టాల మీద రాగి వైరు ముక్కలు, పూజలో జారిపడిన చిన్న రాగి సామాను ఏవైనా ఉన్నాయేమో వెతికి తీయండి, తడి తగిలితే ఆ ఒక్క ముక్క కిందనే చిల్లి పడుతుంది.

మీటరు రీడింగులు వచ్చినాక ఇక్కడే రాయండి. ప్లగ్గు తీసినప్పుడు ఎర్త్‌ల మధ్య డీసీ ఎంత, చార్జరు మోడలు ఏది, జెట్టీలో ఆర్‌సీసీబీ ఉందా అనేవి చెబితే ఐసొలేటర్ కావాలో, చార్జరు గట్టుకు మారిస్తే సరిపోతుందో చెబుతాను. అప్పటిదాకా పచ్చ వైరు ఉన్నచోటే ఉంచి, చార్జింగ్ కాగానే ప్లగ్గు తీసేయండి.