బొమ్మ లేని గలాడ్రియా

అమ్మా,

'విజనరీస్' కార్టూన్ పాత్రలతో నువ్వు రాసి పంపిన మూడు కథలూ చదివాను. ముందుగా ఆ కార్టూన్ చూడకపోతే అన్యాయమవుతుందని దాని 13 ఎపిసోడ్లూ చూశాను. మీ పిన్ని రెండు రోజులు నన్ను ఒక రకంగా చూసింది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పిల్లల బొమ్మల సినిమా చూస్తున్న మొగుణ్ణి ఎవరైనా అలాగే చూస్తారు.

మీ నాన్న మాటకి నొచ్చుకున్నావని రాశావు. "అది కథ కాదు, బొమ్మల ప్రకటన" అన్నాడట. అన్నయ్య అన్నది నిజమే, కాదనకు. 1984లో అమెరికా ప్రభుత్వం పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలకున్న పరిమితులు ఎత్తేసింది. ఆ తరవాత బొమ్మల కంపెనీలు ముందు బొమ్మ చేయించి, దానికి కథ అల్లించడం మొదలుపెట్టాయి. 1990లో చట్టం చేసి మళ్ళీ కొంత కళ్ళెం వేశారు, ప్రకటనలు మామూలు రోజుల్లో గంటకి 12 నిమిషాలు, శని ఆదివారాల్లో పదిన్నర మించకూడదని. నీ విజనరీస్ ఈ రెండింటి నడుమ, 1987లో పుట్టింది. హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ వాళ్ళు హోలోగ్రామ్, అంటే వెలుగు పడితే లోతుగా కనిపించే చిత్రం, అతికించిన బొమ్మలు అమ్ముకోవాలి, అందుకని ఒక లోకం కావాలి. మూడు సూర్యులు ఒక వరసలోకి రాగానే యంత్రాలన్నీ ఆగిపోయి మంత్రాల కాలం వచ్చిన ప్రిస్మాస్ గ్రహం అలా తయారైంది. బొమ్మలు సరిగ్గా అమ్ముడుపోలేదు. బొమ్మలతోపాటే కార్టూనూ ఆగిపోయింది.

అయితే ఏమిటి? మా కాలంలో వారపత్రికకి సీరియల్ రాసినవాళ్ళు కూడా సర్క్యులేషన్ కోసమే రాశారు. నేనూ రాశాను. రాయించినవాడి ఉద్దేశం ఒకటైతే, చదివినవాడి మనసులో మిగిలేది ఇంకొకటి. 1986లో ట్రాన్స్‌ఫార్మర్స్ అనే మరో బొమ్మల వరస మీద తీసిన సినిమాలో, మంచి రోబోల నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్‌ని చంపేశారు. కొత్త బొమ్మలు వస్తున్నాయి, పాతవాటిని తప్పించాలి, అంతే వాళ్ళ లెక్క. థియేటర్లో పిల్లలు భోరుమన్నారు. తల్లిదండ్రులు మండిపడ్డారు. మరుసటి ఏడే అతన్ని బతికించక తప్పలేదు. తాము అమ్ముతున్నది ప్లాస్టిక్ అనుకున్నారు, పిల్లలకి అది మనిషైపోయిందని లెక్కలో వేసుకోలేదు. మీ నాన్న ఈసారి ప్రకటన అంటే ఈ సంగతి చెప్పు. వినడనుకో, వాడు నా అన్నే కదా.

ఇక నీ కథలు. ఈ కార్టూన్ అంటే పడిచచ్చే మీ చిన్న బృందంలో అందరూ మెచ్చుకున్నారన్నావు. నాకు టెన్షన్ పట్టుకున్నది అక్కడే. మొదటి కథలో మంచివాళ్ళ నాయకుడి గురించి "లియొరిక్ లోపలికి వచ్చాడు" అని రాసి వదిలేశావు. మీవాళ్ళకి ఆ పేరు చాలు. గొంతు, నడక, ఛాతీ మీద సింహం అన్నీ వాళ్ళే తెచ్చుకుంటారు. బరువంతా చదివేవాళ్ళ నెత్తిన పెట్టి నువ్వు చేతులూపుకుంటూ నడిచావు. వాళ్ళు ప్రేమతో మోశారు కాబట్టి నీకు తెలియలేదు.

నేనూ ఇదే చేశాను. కాలేజీ రోజుల్లో పదిహేను మందిమి కలిసి లిఖిత పత్రిక నడిపేవాళ్ళం. మా వీధి చివర సోడాబండి తాత మీద కథ రాశాను. చదివిన ప్రతివాడూ పడి పడి నవ్వాడు. పొంగిపోయి ఒక వారపత్రికకి పంపాను. నెల తిరక్కుండా తిరిగొచ్చింది. పైన ఎర్ర సిరాతో ఒకే ముక్క: "ఎవరీ తాత?" కథ తీసి చూసుకుంటే నిజంగానే తాత అందులో లేడు. ఆయన పేరుంది, మావాళ్ళందరికీ తెలిసిన ఒక తిట్టుంది. గోలీ నొక్కేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునే అలవాటు రాయలేదు, సగం తెగిన బొటనవేలు రాయలేదు. మావాళ్ళు నవ్వింది నా కథకి కాదు, వీధిలో చూసిన తాతకి.

తెలిసిన పాత్రల మీద రాయడం తప్పని నేననను. అలా అంటే మన భాషలో సగం సాహిత్యం అవతల పారెయ్యాలి, కర్ణుణ్ణీ ద్రౌపదినీ ఎంతమంది మళ్ళీ మళ్ళీ రాయలేదు! రాయబారం పద్యాలకి వన్స్‌మోర్ కొట్టే జనానికి పద్యం ముందే కంఠతా వచ్చు. పద్యం వచ్చినందుకు ఎవడూ వన్స్‌మోర్ అనడు, ఆ రాత్రి ఆ నటుడు తీసిన రాగానికి అంటాడు.

నీ మూడో కథలో ఒక పేరాలో గలాడ్రియా కనిపించి మాయమైంది. ఆమె దగ్గర ఎందుకు ఆగలేదు? నేను వెతికి చూశాను. ఆ బొమ్మలు మొత్తం 12, మంచివాళ్ళ వైపు ఆరుగురు, చెడ్డవాళ్ళ వైపు ఆరుగురు, అందరూ మగవాళ్ళే. కార్టూన్లో మాత్రం డాల్ఫిన్‌గా మారే గలాడ్రియా ఉంది, షార్క్‌గా మారే వైరులీనా ఉంది. ఇద్దరికీ బొమ్మలు రాలేదు. ఏ పిల్లా వాళ్ళని చేత్తో పట్టుకుని ఆడుకోలేదు. అంటే మీవాళ్ళు కూడా ఆమెని నీకోసం మోసుకురాలేరు, ఉన్నంతా నువ్వే కట్టాలి. నువ్వు ఊహూ అన్నా సరే, నాలుగో కథ ఆమెదే. కార్టూన్ పేరు ఎన్నడూ వినని మీ అమ్మకి చదివి వినిపించు. అమ్మ "ఎవరే ఈవిడ?" అంటే మళ్ళీ రాయి.

ఇంకో చిన్న మాట. ఆ వీరులు తమ చేతి మంత్రదండంలోని శక్తిని పిలిచేటప్పుడు చదివే మంత్రాలని వచనంలోకి దించేశావు. అవి ప్రాసతో ఉన్న పద్యాలమ్మా, అలా చేస్తే డబ్బింగ్ సినిమా డైలాగులా వినిపిస్తాయి. ద్విపదలో ప్రయత్నించు. ప్రాస కుదరక చచ్చిపోతావు, ఫరవాలేదు. పైగా ఆ శక్తి ఒక్కసారే పనికొస్తుంది, వాడేశాక దాన్నిచ్చిన మాంత్రికుడు మెర్‌క్లిన్ దగ్గరికెళ్ళి మళ్ళీ అడుక్కోవాలి. రెండో కథలో ఆ వీరుల్లో ఒకడైన విటర్‌క్విక్ చేత ఒకే రాత్రిలో మూడుసార్లు వాడించావు. మీవాళ్ళు ఎవరూ పట్టుకోలేదా? మొహమాటపడి ఉంటారు. ఉన్న ఒక్కదాన్నీ పొద్దున్నే తొందరపడి ఖర్చు చేసుకుని, సాయంత్రం అసలు అవసరం వచ్చినప్పుడు ఖాళీ దండంతో నిలబడ్డ మనిషి. కథ అక్కడుంది, నువ్వు దాని పక్కనించే వెళ్ళిపోయావు.

సంక్రాంతికి వస్తున్నారని మీ అమ్మ చెప్పింది. డాలస్‌లో పక్కింటివాళ్ళు పాత సామాను అమ్ముతుంటే కొన్నానన్నావే, ఆ లియొరిక్ బొమ్మ పెట్టెలో పెట్టుకు రా. పగటిపూటే తీసుకురా. హోలోగ్రామ్‌కి ఎండైనా కావాలట, ఒంటి బల్బైనా కావాలట. మా ఇంట్లో అన్నీ ట్యూబ్‌లైట్లే.

మీ బాబాయ్