ఆ జవాబు మళ్లీ రాయి

అమలాపురం

చిరంజీవి మనవరాలిని దీవించి తాతయ్య రాయునది.

సివిల్స్ ప్రాక్టీసులో నువ్వు రాసిన జవాబు చదివాను. ఉగ్రవాదం బెడద ఉన్న, పూర్తిగా నమ్మలేని మిత్రదేశంతో (అమెరికాకి పాకిస్థాన్ లాంటిది) ఎలా మెలగాలి అని అడిగితే, పాకిస్థాన్‌ని నాలుగు, అమెరికాని రెండు తిట్టి వదిలేశావు. అరుగు మీద కబుర్లకి బాగుంటుందమ్మా, మార్కులు పడవు.

ముందు, అవసరం ఎవరిదో తేల్చు. అఫ్గానిస్థాన్‌లో ఉన్నప్పుడు అమెరికా సైన్యానికి సరుకు చాలావరకు పాకిస్థాన్‌లోని కరాచీ రేవులో దిగి, లారీల మీద తోర్ఖమ్, చమన్ దగ్గర అఫ్గాన్ సరిహద్దు దాటేది. మన శివారు చేనుకి నీళ్లు పైచేలోని బోదెలోంచే రావాలి కదా, అందుకే ఆ రైతు ఎంత పెడసరం మనిషైనా మీ నాన్న పలకరింపు మానడు. ఇదీ అంతే. 2011 నవంబరులో పాక్ సరిహద్దులోని సలాలా దగ్గర నాటో (అమెరికా కూటమి) దాడిలో 24 మంది పాక్ సైనికులు చనిపోతే ఆ దారి మూసేశారు. మళ్లీ తెరిచింది 2012 జులైలో.

ఇక షరతుల సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాయి, అసలు విషయం ఇక్కడే ఉంది. పాకిస్థాన్ దగ్గర అణుబాంబు లేదని అమెరికా అధ్యక్షుడు ఏటా ధ్రువీకరిస్తేనే సాయం అని 1985లో అక్కడి చట్టంలో ప్రెస్లర్ సవరణ తెచ్చారు. అఫ్గానిస్థాన్‌లో సోవియట్ సైన్యం ఉన్నన్నాళ్లూ సంతకం పడుతూనే ఉంది. 1989 ఫిబ్రవరిలో ఆ సైన్యం వెళ్లిపోయింది, 1990లో సంతకం ఆగింది. బాంబు పని రాత్రికి రాత్రి మొదలైందా ఏమిటి? అవసరం తీరింది, చట్టం గుర్తొచ్చింది. షరతు పెట్టేవాడికి వేరే దారి లేకపోతే ఆ షరతు కాగితం మీదే ఉంటుందని తేదీలతో చూపించు.

బిన్ లాడెన్ 2011లో దొరికింది పాకిస్థాన్‌లోని అబోటాబాద్‌లో, వాళ్ల సైనిక అకాడమీకి దగ్గర్లోనే. అది రాశావు, సరే. 2014 డిసెంబరు 16న అదే పాకిస్థాన్‌లో, పెషావర్ ఆర్మీ స్కూల్లో ఉగ్రవాదుల దాడిలో నూట నలభై మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. అది ఎందుకు వదిలేశావు? ముంబయి దాడి మీద మనకున్న కోపం న్యాయమైనదే, అయినా ఆ పిల్లల్ని లెక్కలోంచి తీసేస్తే జవాబు ఒంటికన్నుది అవుతుంది.

చివర్లో మన దేశం సంగతి రెండు ముక్కలు చాలు. కాబూల్‌కి సైన్యాన్ని పంపలేదు. అఫ్గానిస్థాన్‌లో ఇరాన్ సరిహద్దు దాకా జరంజ్–దెలారామ్ రోడ్డు వేసింది, సల్మా డ్యామ్ కట్టింది. పాకిస్థాన్‌ని తప్పించుకునే దారి ఆ రోడ్డు, ఆ మాట స్పష్టంగా రాయి. 2021 ఆగస్టులో తాలిబన్లు వచ్చాక ఆ పెట్టుబడి ఏమైందో కూడా దాచకు.

మొత్తం 250 మాటలు దాటకూడదు. ఈసారి టైపు చెయ్యకుండా చేత్తో రాసి ఫొటో పెట్టు, నీ దస్తూరీ కూడా చూడాలి.

తాతయ్య