మా ఆయన ప్రతి శనివారం బంగారు గని వెతకడానికి వెళ్తున్నారు

ప్రశ్న: మేం అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటాం. పెళ్లయి పన్నెండేళ్లు. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, సొంతూరు అనంతపురం దగ్గర పల్లె. రెండేళ్లుగా ఆయనకి సూపర్‌స్టిషన్ కొండల్లో ఎక్కడో జాడ తెలియకుండా పోయిందని చెప్పుకునే ‘లాస్ట్ డచ్‌మన్’ బంగారు గని పిచ్చి పట్టుకుంది. శనివారం తెల్లవారుజామున వెళ్తే చీకటి పడ్డాకే వస్తారు. మెటల్ డిటెక్టర్, పాత మ్యాపులు, పుస్తకాలు అంటూ నాకు తెలియకుండా క్రెడిట్ కార్డు మీద పదకొండు వేల డాలర్లు ఖర్చు పెట్టారు. జూన్‌లో ఎండదెబ్బ తగిలి మూడు రోజులు లేవలేదు. మాకు ఎనిమిదేళ్ల బాబు. గని లేదని ఎన్ని ఆధారాలు చూపించినా వినరు. ఆ మ్యాపులు చించేయాలా? మామయ్యగారికి చెప్పేయాలా?

జవాబు: మ్యాపులు మాత్రం చించకండమ్మా. ఎందుకంటున్నానో తెలియాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మాదీ సీమే. నా చిన్నప్పుడు మా పెదనాన్నకి ఎవరో ఒక తాటాకు ముక్క ఇచ్చి, మీ పశువుల కొట్టం కింద లంకెబిందెలున్నాయని చెప్పారు. ఆయన రాత్రిళ్లు లాంతరు పెట్టుకుని గాటి పక్కనే తవ్వేవాడు. గుంత నడుం లోతుకి వచ్చేసరికి బండ తగిలింది. దాన్ని పగలగొట్టించడానికి పెద్దమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టాడు. ఆవిడ కడుపుమంటతో ఆ తాటాకును తీసుకెళ్లి పొయ్యిలో పడేసింది. తవ్వకం ఆ రోజుతోనే ఆగిపోయింది. కానీ ‘ఆ ఆకు ఉండుంటేనా’ అని పోయేదాకా అంటూనే ఉన్నాడు. బూడిదైపోయిన ఆకు తప్పని ఇక ఎవరు చూపించగలరు?

మీవారి గని కథ నూటముప్పై ఏళ్లు దాటినా చావకపోవడానికి కారణం కూడా అలాంటిదే. ఆ గని జాడ తెలిసినవాడని చెప్పుకునే జేకబ్ వాల్ట్జ్ జర్మనీ నుంచి వలస వచ్చినవాడు. జర్మన్లను అక్కడ ‘డచ్‌మన్’ అనేవాళ్లు. 1891 మొదట్లో వచ్చిన వరద అతని ఇంటినీ పొలాన్నీ పాడుచేస్తే, జూలియా థామస్ అనే ఆవిడ చేరదీసి చూసుకుంది. అదే ఏడాది అక్టోబరులో ఫీనిక్స్‌లో చనిపోయాడు. పోయేముందు గని దారి చెప్పాడనీ, మంచం కింద పెట్టెలో బంగారు రాయి దొరికిందనీ అంటారు. నిజమా అని అడుగుదామంటే చెప్పినవాడు లేడు. దానికి తోడు, ఆ కొండల అంచునే గోల్డ్‌ఫీల్డ్ అనే చోట 1890ల్లో నిజంగానే బంగారం తవ్వారు. లోపలి కొండలు ఎక్కువగా అగ్నిపర్వతాల రాయి, అక్కడ బంగారానికి పెద్దగా ఆస్కారం లేదంటారు భూగర్భ శాస్త్రవేత్తలు. ఆ మాట మీకన్నా మీవారికే బాగా తెలిసి ఉంటుంది. కానీ ఈ లోయలో దొరక్కపోతే పక్క లోయలో ఉందనుకుంటాడు వెతికే మనిషి. అందుకే ఆధారాలతో వాదించి గెలవాలని చూడకండి. అలసిపోయేది మీరే.

ఈ కథలో నన్ను వదలని మనిషి జూలియా. బేకరీ నడుపుకుని బతికే ఆవిడ 1892 ఎండాకాలంలో ఉన్నది ఊడ్చిపెట్టి గని కోసం వెళ్లింది. కొన్ని వారాలకే వట్టి చేతులతో వెనక్కి వచ్చింది. తర్వాత ఆ గని మ్యాపులు అమ్ముకుందని చెబుతారు. ఇది మీవారికి చెప్పండి, కానీ దెప్పినట్టు ఉండకూడదు. మ్యాపు అమ్మే మనిషికి ఆ గని ఎందుకు దొరకలేదో ఆయనే ఆలోచించుకుంటారు.

మీ ఉత్తరంలో నాకు ఒక ఖాళీ కనిపించింది. రెండేళ్ల కింద ఏం జరిగింది? ఆఫీసులో లేఆఫ్ భయమా? గ్రీన్‌కార్డు క్యూ టెన్షనా? ఇంటి దగ్గర ఎవరైనా పోయారా? ఏళ్ల తరబడి తన చేతిలో లేని దాని కోసం కూర్చుని ఎదురుచూసిన మనిషికి, సొంత కాళ్లతో కొండెక్కి సొంత కళ్లతో వెతికే రోజు ఒకటి దొరికితే అది వదలబుద్ధి కాదు. ఇది నా ఊహే. ఆయన్నే అడగండి, అడిగాక మధ్యలో మాట అందుకోకండి.

అయితే రెండు విషయాల్లో మెత్తబడొద్దు. మొదటిది డబ్బు. పదకొండు వేల కన్నా మీకు చెప్పకపోవడం పెద్ద దెబ్బ, ఆ మాట సూటిగా అనండి. కార్డు స్టేట్‌మెంట్లు ఇద్దరూ కలిసి చూసుకోండి, అప్పు తీరేదాకా గని పేరు మీద ఒక్క డాలరు కూడా ఖర్చు కాకూడదు. ఇంకో సంగతి కూడా తెలియాలి. ఆ కొండల్లో పెద్ద భాగం రక్షిత అటవీ ప్రాంతం, 1984 నుంచి అక్కడ కొత్తగా మైనింగ్ క్లెయిమ్, అంటే గని తవ్వుకునే హక్కు కోసం దావా, వేయడానికి వీల్లేదు. గని దొరికినా అది ఆయనది కాదు. అనుమతి లేకుండా తవ్వి కేసు పడితే, వీసా మీద ఉన్నవాళ్లకి అది చిన్న తలనొప్పి కాదు.

రెండోది ప్రాణం. 2010 జులైలో యూటా నుంచి ముగ్గురు ఇదే గని కోసం ఆ కొండల్లోకి వెళ్లారు, మరుసటి ఏడాది జనవరిలో ఎముకలు దొరికాయి. అంతకుముందు 2009 డిసెంబరులో వెళ్లిన ఒక యువకుడి అవశేషాలు 2012లో గానీ కనిపించలేదు. మే నుంచి సెప్టెంబరు దాకా వెళ్లడానికి లేదని చెప్పండి. మిగతా నెలల్లో వెళ్తే ఒంటరిగా కాదు, ఏ దారిన వెళ్తున్నారో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి వెళ్లాలి. ఇది బతిమాలే విషయం కాదు. దీనికి ఒప్పుకోకపోయినా, మళ్లీ దొంగచాటుగా అప్పు చేసినా, ఇద్దరూ కలిసి అక్కడి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి.

మామయ్యగారికి ఇప్పుడే వద్దు. అంత దూరాన ఉన్న పెద్దాయనకి దిగులు తప్ప ఏం మిగలదు, నలభై ఏళ్ల కొడుక్కి ఫోన్లో తిట్లు తినడం తలవంపులు.

నవంబరులో ఎండ తగ్గాక, ఒక శనివారం మీ ముగ్గురూ కలిసి వెళ్లండి. కొండల మొదట్లో ఆ గని పేరు మీదే స్టేట్ పార్క్ ఉంది, పిల్లలు నడవగలిగే దారులున్నాయి. పులిహోర కట్టుకెళ్లండి. డచ్‌మన్ కథ బాబుకి ఆయన్నే చెప్పమనండి. అనంతపురం పల్లెలో ఆయన చిన్నప్పుడు విన్న లంకెబిందెల కథలు కూడా అడగండి, అవి మీరు ఇప్పటిదాకా విని ఉండరు.