ముడసర్లోవ ఎండలో ఆడబోయే అల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం విశాఖకు మారిందనీ, మే మొదటి వారం నుంచే ముడసర్లోవ గోల్ఫ్ కోర్సుకు వెళ్తావనీ అక్క చెప్పింది. సంతోషం. కానీ "గోల్కొండలో 42 డిగ్రీల్లో ఆడినవాణ్ని, అక్కడ 35 డిగ్రీలే కదా" అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు.

గోల్కొండ కోర్సు ఉన్న నయా ఖిల్లా బండల మధ్య ఎండ మాడుస్తుంది, నిజమే. అయితే అక్కడి గాలి పొడిగాలి. పట్టిన చెమట వెంటనే ఆరుతుంది, ఆరుతూ ఒంట్లోని వేడిని పట్టుకుపోతుంది. విశాఖ ఉక్కపోతలో చెమట కారుతుందే తప్ప ఆరదు. ఆరని చెమట వల్ల ఒళ్లు చల్లబడదు, ఒంట్లో నీరూ ఉప్పూ మాత్రం పోతాయి. 35 డిగ్రీల వేడికి 70 శాతం తేమ తోడైతే, నీడలో ఉన్నవాడికి కూడా 50 డిగ్రీల్లా అనిపిస్తుంది. అందుకని మొదటి రెండు వారాలూ సగం ఆటతో, అంటే తొమ్మిది హోల్స్‌తో సరిపెట్టుకో. కొత్త వేడికి ఒళ్లు అలవాటు పడడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

నా సంగతి ఒకటి చెబుతాను, అక్కకు ఇప్పటికీ తెలియదు. చాలా ఏళ్ల కిందట ఒక మే నెల ఆదివారం ఆలస్యంగా ఆట మొదలుపెట్టాను. పదమూడో హోల్ దగ్గర ఆరు షాట్లు కొట్టి నాలుగని చెప్పాను. నా బ్యాగు మోసే క్యాడీ సరిచేస్తే అతని మీద కేకలేశాను. నాకు మాత్రం అంతా బాగానే ఉన్నట్టు అనిపించింది. అల్లుడూ, నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే. ఎండదెబ్బకు కాళ్లకన్నా ముందు బుద్ధి తడబడింది. ఆట ఆపాలా వద్దా అని తేల్చుకోవలసిన బుద్ధే అది! ఆ కుర్రాడు నా తిట్లు లెక్కచేయకుండా చెట్టు కిందకు లాక్కెళ్లి కూర్చోబెట్టి, తల మీద నీళ్లు పోశాడు. అవి అతను తాగడానికి తెచ్చుకున్న నీళ్లు.

అందుకే ఎప్పుడు ఆపాలో ఎండలో నిలబడి ఆలోచించకు. ఆట మొదలుపెట్టే చోట, మొదటి టీ దగ్గరే తోటివాళ్లకూ క్యాడీకీ చెప్పు: "నేను లెక్క తప్పినా, మాట తడబడినా, ఊరికే చిరాకు పడినా ఆట ఆపించండి, వద్దన్నా వినకండి" అని. పోటీలో ఉన్నా మొహమాటపడకు. వడదెబ్బ లక్షణాలతో నీరసించిన ఆటగాడు తేరుకోవడానికి నిర్వాహకులు మామూలుగా పదిహేను నిమిషాల వరకూ వ్యవధి ఇస్తారు. అప్పటికీ తేరుకోకపోతే ఇంటికి వచ్చెయ్.

మే నెలలో విశాఖలో ఐదున్నరలోపే తెల్లవారుతుంది. వెలుగు రాగానే మొదలుపెడితే తొమ్మిది హోల్స్ ఎనిమిదింటికల్లా అయిపోతాయి. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి హోల్‌కీ అర గ్లాసు నీళ్లు తాగు. అలాగని గంటల తరబడి వట్టి నీళ్లే పోసుకోవడమూ ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. ఉప్పు వేసిన పలచని మజ్జిగ నాకు అన్నిటికన్నా ఇష్టం. కొబ్బరినీళ్లు మంచివే గాని వాటిలో సోడియం తక్కువ. ఓఆర్ఎస్ పొట్లం ఒకటి బ్యాగులో ఉంచుకో, దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలుపు. బీరు మాటంటావా, ఎండలో దాని జోలికే పోవద్దు.

లేతరంగు పలచని పొడుగు చేతుల చొక్కా, చుట్టూ అంచున్న టోపీ వాడు. ముందు మాత్రమే అంచున్న టోపీ చెవులనూ మెడనూ కాపాడదు. గ్లవ్స్ రెండు తీసుకెళ్లి, తడిసినదాన్ని బ్యాగుకు ఆరవేసి రెండోది తొడుక్కో. చెమట చేతిలోంచి క్లబ్బు జారితే ఎవరికి తగులుతుందో చెప్పలేం. గొడుగు తప్పనిసరి. కాని పోటీలో షాట్ కొట్టే క్షణంలో క్యాడీ నీకు గొడుగు పట్టకూడదు, షాట్లు లెక్కపెట్టే పోటీ అయితే రెండు షాట్ల శిక్ష పడుతుంది. మధ్యాహ్నం ఆడాల్సి వచ్చి ఉరుము వినిపిస్తే గొడుగూ క్లబ్బూ వదిలేసి భవనంలోకి వెళ్లు, చెట్టు కిందకు కాదు.

బావగారు కూడా వస్తారట. ఆయన వేసుకునే బీపీ మాత్ర మూత్రంలో నీరు ఎక్కువగా పోయేలా చేసేది. మాత్ర మానవద్దు, ముందు డాక్టరును అడగమను. పద్దెనిమిది హోల్స్ అంటే నాలుగు గంటల పైమాటే, ఆయన్ను అంతసేపు నడిపించకు.

ఎవరైనా ఒళ్లు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడితే చెమట పడుతోంది కదా అని ధీమాగా ఉండకు. 108కి ఫోను చేయించి, అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా నీడలో పడుకోబెట్టు. ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ విసురు, చంకల్లో, మెడ మీద, గజ్జల్లో ఐసు పెట్టు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకు.

నీ బ్యాగు మోసేవాడికీ అదే ఎండ, పైగా బరువు. అతని కోసం వేరే సీసా పెట్టుకో, నువ్వు తాగినప్పుడల్లా అతనూ తాగేలా చూడు. మీ అత్తయ్య స్టీలు సీసాలు రెండు పక్కన పెట్టింది, శనివారం వచ్చి తీసుకెళ్లు.

నీ మామయ్య