తలసీమియా: ‘నాలుగింట ఒకటి’ అంటే ఏమిటి?

ప్రశ్న: మా అక్కయ్య, బావగారు ఇద్దరూ బీటా తలసీమియా వాహకులు. వారి మొదటి పాపకు తరచూ రక్తం ఎక్కించవలసినంత తీవ్రమైన జబ్బు ఉంది. నాలుగేళ్ల రెండో బాబు ఆరోగ్యంగా ఉన్నాడు. నలుగురిలో ఒకరికి జబ్బు వస్తుందని డాక్టరుగారు చెప్పారు కనుక, రావలసిన ఆ ఒక్కరికీ వచ్చేసిందనీ, ఇక పుట్టబోయే పిల్లలకు భయం లేదనీ ఇంట్లో పెద్దలు అంటున్నారు. ఇది నిజమేనా? బాబు వాహకుడయ్యే అవకాశం సగమని నేను, మూడింట రెండు వంతులని నా స్నేహితురాలు వాదించుకుంటున్నాం. ఎవరి మాట సరైనది?
– ఒక పాఠకురాలు

జవాబు: పెద్దల మాట నిజం కాదు. ఆ ధీమాతో మరో బిడ్డను కనాలని నిర్ణయించుకోవడం మీ అక్కయ్య కుటుంబానికి ప్రమాదకరం కూడా. ‘నాలుగింట ఒకటి’ అన్నది నలుగురు పిల్లలకు కలిపి రాసిపెట్టిన వాటా కాదు, ప్రతి గర్భానికీ కొత్తగా వర్తించే సంభావ్యత.

రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్ తయారీకి కావలసిన బీటా గ్లోబిన్ జన్యువు మనలో రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తల్లి నుంచి, మరొకటి తండ్రి నుంచి వస్తుంది. వాహకులలో ఒక ప్రతి దెబ్బతిని ఉంటుంది, రెండోది సవ్యంగా పనిచేస్తుంది. రెండు ప్రతులూ దెబ్బతిన్నవే వచ్చిన బిడ్డకు జబ్బు వస్తుంది. అండంలోకైనా, శుక్రకణంలోకైనా వెళ్లేది ఒక్క ప్రతే కాబట్టి, అది దెబ్బతిన్నదే అయ్యే అవకాశం 1/2. తల్లి నుంచి ఏది వచ్చిందన్నదానితో తండ్రి నుంచి ఏది వస్తుందన్నదానికి సంబంధం లేదు. ఇలాంటి స్వతంత్ర ఘటనలు రెండూ జరిగే సంభావ్యత కావాలంటే గుణించాలి: 1/2 × 1/2 = 1/4. ఇదే డాక్టరుగారు చెప్పిన సంఖ్య. బిడ్డ వాహకుడు కావడానికి మాత్రం రెండు దారులున్నాయి: దెబ్బతిన్న ప్రతి తల్లి నుంచి మాత్రమే రావచ్చు, లేదా తండ్రి నుంచి మాత్రమే రావచ్చు. ఈ రెండు దారులూ ఒకేసారి కుదరవు కనుక కూడాలి: 1/4 + 1/4 = 1/2. మిగిలిన 1/4 రెండు ప్రతులూ సవ్యంగా ఉన్న బిడ్డది.

ఈ లెక్కలో మొదటి పాప ప్రసక్తి ఎక్కడా లేదని గమనించండి. కొత్త అండానికి, కొత్త శుక్రకణానికి అంతకుముందు ఏం జరిగిందో తెలియదు. ఇకముందు పుట్టే ముగ్గురు పిల్లలూ జబ్బు లేకుండా ఉండే సంభావ్యత 3/4 × 3/4 × 3/4, అంటే 27/64, సుమారు 42 శాతం. పెద్దలు ఖాయమనుకుంటున్నది సగం కంటే తక్కువ అవకాశమున్న సంగతి. ఒక్క మినహాయింపు చెప్పాలి: సమరూప కవలలు ఒకే ఫలదీకరణం నుంచి పుడతారు కాబట్టి, ఇద్దరికీ జబ్బు వచ్చే సంభావ్యత 1/16 కాదు, 1/4.

రెండో ప్రశ్నలో మీ స్నేహితురాలిదే సరైన మాట. మీరు చెప్పిన సగం, బిడ్డ పుట్టకముందు వేయవలసిన లెక్క. ఇప్పుడు బాబుకు జబ్బు లేదని మనకు తెలుసు. అంటే నాలుగు సమాన అవకాశాలలో ఒకటి కొట్టివేయబడింది. మిగిలిన మూడింటిలో రెండు వాహకుడివి కాబట్టి సంభావ్యత 2/3. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ 1866లో ప్రచురించిన బఠానీ ప్రయోగాలలో ఇదే లెక్క కళ్లకు కడుతుంది. గుండ్రటి గింజల రకాన్ని, ముడతల గింజల రకాన్ని సంకరణం చేయగా వచ్చిన మొక్కలకు కాసిన గుండ్రటి గింజలను నాటి ఆయన 565 మొక్కలు పెంచాడు. పైకి ఒకేలా ఉన్న ఆ గింజల నుంచి వచ్చిన మొక్కలలో 193 గుండ్రటి గింజలే కాయగా, 372 మొక్కలు ముడతల గింజలు కూడా కాశాయి. అంటే గుండ్రటి గింజలలో ముడతల లక్షణాన్ని లోపల దాచుకున్నవి దాదాపు 66 శాతం.

కొత్త సమాచారం వచ్చినప్పుడల్లా ఈ సంఖ్యను సవరించాలి. ఉదాహరణకు, బాబు పెద్దవాడై, పరీక్ష చేయించుకోకుండానే ఒక వాహకురాలిని పెళ్లి చేసుకున్నాడనుకుందాం. వారి మొదటి బిడ్డకు జబ్బు వచ్చే సంభావ్యత 2/3 × 1/4 = 1/6. ఆ బిడ్డకు జబ్బు లేదని తేలితే, బాబు వాహకుడై ఉండి ఇలా జరిగే సంభావ్యత 2/3 × 3/4 = 1/2; వాహకుడు కాకుండా ఇలా జరిగే సంభావ్యత 1/3 × 1 = 1/3. రెండూ కలిపితే 5/6, అందులో 1/2 వాటా 3/5. అనుమానం కొద్దిగా తగ్గిందే గాని పోలేదు. ఇక్కడ మారింది అతడి జన్యువులు కావు, వాటి గురించి మనకు తెలిసినది.

మీ బాబు విషయంలో ఇంత ఊహ అక్కరలేదు. వాహకులలో హీమోగ్లోబిన్ ఏ2 అనే రకం సాధారణంగా మొత్తం హీమోగ్లోబిన్‌లో 3.5 శాతానికి మించి ఉంటుంది, కనుక రక్తపరీక్షతో సంగతి తేలిపోతుంది. ఇనుము లోపం ఈ విలువను తగ్గించి చూపవచ్చు కాబట్టి ముందు దాన్ని సరిచూడమని డాక్టరును అడగండి. అప్పటికీ సందేహం మిగిలితే జన్యుపరీక్ష ఉంది. మీ అక్కయ్య మరో బిడ్డను కోరుకుంటే, గర్భం దాల్చకముందే జన్యు సలహాదారుతో మాట్లాడమనండి. కుటుంబంలోని జన్యులోపం ఏదో ముందుగా గుర్తించి ఉంచితే, గర్భం మూడో నెలలో మాయ (ప్లాసెంటా) నుంచి కొద్ది కణజాలం తీసి, పుట్టబోయే బిడ్డకు జబ్బు ఉందో లేదో చెప్పగలరు.