మల్టీప్లెక్స్ పీసీఆర్‌లో పెద్ద బ్యాండ్ రాకపోతే

తమ్ముడూ, అనంతపురం వేరుశనగ డీఎన్ఏతో మల్టీప్లెక్స్ పీసీఆర్ చేస్తూ, అంటే ఒకేసారి పలు డీఎన్ఏ ముక్కలను కాపీ చేస్తూ, మూడు ప్రైమర్ జతలు (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఒకే ట్యూబులో వేస్తే జెల్ మీద 150 బేస్‌ల బ్యాండ్ (ఆ పొడవు ముక్కలు కనబడే గీత) బాగా వస్తోంది, 600 బేస్‌లది మాత్రం కనబడట్లేదు అన్నావు కదా. టెన్షన్ పడొద్దు. చిన్న ముక్క తొందరగా కాపీ అయిపోయి న్యూక్లియోటైడ్లనూ (డీఎన్ఏ కట్టే ఇటుకల్లాంటివి) కాపీ చేసే ఎంజైమునూ ముందే లాగేసుకుంటుంది, పెద్దదానికి మిగలదు.

ముందు ఒక్కో జతనూ విడిగా, అదే ఉష్ణోగ్రతలో నడిపి చూడు. 600ది ఒంటరిగా కూడా రాకపోతే లోపం ఆ ప్రైమర్లలోనో డీఎన్ఏలోనో ఉన్నట్టు. విడిగా వస్తే చిన్నదాని ప్రైమర్లను 0.1 మైక్రోమోలార్‌కు తగ్గించి పెద్దదానివి 0.4కు పెంచు, ఎక్స్‌టెన్షన్ టైమ్ (ఎంజైమ్ కాపీని పూర్తిచేసే సమయం) కూడా కాస్త పొడిగించు. చాలామంది వెంటనే మెగ్నీషియం పెంచేస్తారు, అది నాకు నచ్చదు, అక్కర్లేని బ్యాండ్లు వచ్చి ఇంకా గజిబిజి అవుతుంది. మూడు జతల టీఎంలు (ప్రైమర్లలో సగం డీఎన్ఏ నుంచి విడిపోయే ఉష్ణోగ్రతలు) రెండు మూడు డిగ్రీల తేడాలోనే ఉన్నాయా, ప్రైమర్ల చివరలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయా అన్నదీ చూసుకో.

ఇంకొకటి, మన ఎండల్లో మిక్స్ బయట ఉంచితే మామూలు టాక్ ఎంజైమ్ (డీఎన్ఏను కాపీ చేసేది) మెషీన్లో పెట్టకముందే అడ్డదిడ్డంగా పని మొదలుపెడుతుంది. ఐసు మీదే కలుపు, వీలైతే హాట్‌స్టార్ట్ ఎంజైమ్ (బాగా వేడెక్కేదాకా పని మొదలుపెట్టనిది) తెప్పించమని మీ గైడ్‌ను అడుగు. డీఎన్ఏ వేయని ట్యూబు ఒకటి ప్రతిసారీ పక్కన నడపాల్సిందే, అందులోనూ బ్యాండ్ వస్తే ఎక్కడో కలుషితమైందనో ప్రైమర్లే అతుక్కున్నాయనో తెలుస్తుంది.