రోజూ రెండు పెగ్గులు తాగితే షుగర్ రాదా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఖమ్మంలో వ్యాపారం. వారంలో నాలుగైదు రాత్రులు రెండు లార్జ్ పెగ్గుల విస్కీ సోడాతో తీసుకుంటాను. అంతకు మించి ముట్టను. ఈమధ్య చేయించిన పరీక్షల్లో పరగడుపున షుగర్ 112, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.1, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) 248 వచ్చాయి. నడుము 39 అంగుళాలు. మితంగా తాగేవాళ్లకు షుగర్ వచ్చే అవకాశం తక్కువని చదివాను. మా ఆవిడ మాత్రం మానేయమని పోరుతోంది. మా నాన్నగారు చాలా ఏళ్లుగా షుగర్‌కు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. పండగలప్పుడు ఆయనా నాతో కూర్చుంటారు. దీనివల్ల ఇబ్బంది ఉంటుందా? విస్కీకి బదులు కల్లు మేలా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు చదివింది అబద్ధం కాదు. కానీ అది మీకు వర్తించదు. ఎందుకో చెబుతాను.

మితంగా తాగేవారిలో మధుమేహం కాస్త తక్కువగా కనిపిస్తోందని చాలా పరిశోధనలు చెప్పాయి. అలాంటివి 38 తీసుకుని, సుమారు 19 లక్షల మంది వివరాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2015లో డయాబెటిస్ కేర్ పత్రికలో వచ్చింది. రోజుకు 10 నుంచి 14 గ్రాముల ఆల్కహాల్ తీసుకునేవారిలో ముప్పు 18 శాతం తక్కువని తేలింది. వార్తల్లోకి ఎక్కింది ఈ ముక్కే. ఆ లాభం ఆడవారికి, ఆసియాయేతరులకు మాత్రమే పరిమితం కావచ్చని కూడా అదే విశ్లేషణ చెప్పింది. మీరు మగవారు, ఆసియావాసి. రెండు లెక్కల్లోనూ బయటే ఉన్నారు.

ఇంకో చిక్కుంది. ఇలాంటి పరిశోధనల్లో ‘తాగనివారు’ అని రాసుకున్న వాళ్లందరూ పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టనివాళ్లేం కాదు. బీపీ, గుండెజబ్బు, లివర్ సమస్య వచ్చి డాక్టర్ చెబితే మానేసినవాళ్లూ వాళ్లలో ఉంటారు. అంతకుముందే జబ్బుపడినవారిని పక్కన నిలబెట్టి పోలిస్తే, తాగేవారు ఆరోగ్యంగానే కనిపిస్తారు మరి!

ఇక మితం అంటే ఎంతో చూద్దాం. మన దగ్గర దొరికే విస్కీలో 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 30 మి.లీ. చిన్న పెగ్గులో దాదాపు 10 గ్రాములు. అంటే ఆ పరిశోధకులు చెప్పిన మితం ఒక చిన్న పెగ్గు, మహా అయితే ఇంకో నాలుగు చుక్కలు. మీ రెండు లార్జ్‌లు 120 మి.లీ., అంటే 40 గ్రాములు. మూడు నాలుగు రెట్లు! అది కూడా కొలిచి పోస్తేనే. నా దగ్గరికి వచ్చేవారిని ‘రోజుకు ఎన్ని పెగ్గులు?’ అని అడగడం ఎప్పుడో మానేశాను. ‘ఫుల్ బాటిల్ ఎన్ని రోజులు వస్తోంది?’ అని అడుగుతాను. రెండు లార్జ్‌ల లెక్కన 750 మి.లీ. సీసా ఆరు రాత్రులు రావాలి. మీ ఇంట్లో నాలుగింటికే అయిపోతుంటే మీ చెయ్యి క్వార్టర్‌కు పైనే పోస్తోందని అర్థం.

ఆల్కహాల్‌ను దాచుకునే చోటు ఒంట్లో ఎక్కడా లేదు. అందుకే అది లోపలికి రాగానే కాలేయం మిగతా పనులు ఆపి ముందు దాన్ని వదిలించుకునే పనిలో పడుతుంది. అంతసేపూ కొవ్వు కరగదు. సరిగ్గా అదే సమయంలో మీరు చికెన్ 65, మిర్చి బజ్జీ, ఆపైన పదిన్నరకు బిర్యానీ తింటారు (మీరు రాయలేదు గానీ, వట్టి విస్కీతో సరిపెట్టేవారిని నేను పెద్దగా చూడలేదు). గ్రాము ఆల్కహాల్‌లో 7 కెలోరీలు ఉంటాయి. అంటే రెండు లార్జ్‌లతోనే 280 దాకా వచ్చేస్తాయి. మంచింగ్ లెక్క వేరే. కరగని కొవ్వు ట్రైగ్లిజరైడ్లుగా రక్తంలోకి వస్తుంది, కొంత కాలేయంలోనే పేరుకుంటుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు. రాత్రంతా అవసరానికి మించి గ్లూకోజును రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. మీ 248, పరగడుపు 112, 39 అంగుళాల నడుము మూడూ ఒకే కథ చెబుతున్నాయని నా అనుమానం. మనవాళ్లలో మగవారి నడుము 90 సెం.మీ. దాటితేనే ముప్పు అంటాం. మీది 99.

పరగడుపున 100 నుంచి 125, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే దాన్ని ముందస్తు మధుమేహం అంటారు. మీరు ఇప్పుడు ఆ దశలో ఉన్నారు. ఇక్కడి నుంచి వెనక్కి రావచ్చు. చెన్నైలో ఈ దశలో ఉన్న మనవాళ్ల మీదే చేసిన పరిశోధన 2006లో వెలువడింది. తిండి మార్చుకుని, నడిచినవారిలో మూడేళ్లలో మధుమేహం ముప్పు 28.5 శాతం తగ్గింది. ఆ 18 శాతం మీకు దక్కుతుందో లేదో అనుమానమే. ఇది మనవాళ్లకు దక్కిందని తేలిన లాభం. దేన్ని నమ్ముకోవాలో మీరే చూసుకోండి.

నా సలహా: మూడు నెలలు పూర్తిగా మానండి. తగ్గించడం కాదు, మానడం. హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల సగటును చూపిస్తుంది కాబట్టి ఆ తర్వాత మళ్లీ చేయించండి. ట్రైగ్లిజరైడ్లు మాత్రం కొన్ని వారాల్లోనే దిగడం మొదలవుతుంది. ఈలోగా లివర్ ఫంక్షన్ పరీక్ష, కడుపు అల్ట్రాసౌండ్ చేయించుకోండి. ఒక్క జాగ్రత్త: తాగని రోజున చేతులు వణకడం, చెమటలు పట్టడం, నిద్ర పట్టకపోవడం ఉంటే సొంతంగా ఒక్కసారిగా మానొద్దు. డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి.

నిజానికి మీకంటే నాకు మీ నాన్నగారి గురించే ఎక్కువ భయంగా ఉంది. గ్లిమిపిరైడ్ పని క్లోమం నుంచి ఇన్సులిన్‌ను విడుదల చేయించడం. తిన్నా తినకున్నా అది తన పని చేస్తుంది. షుగర్ మరీ పడిపోతే కాలేయం కొత్త గ్లూకోజు తయారుచేసి కాపాడాలి. ఆల్కహాల్ లోపల ఉంటే ఆ తయారీ ఆగిపోతుంది. పండగ రాత్రి మాత్ర వేసుకుని, విస్కీ తీసుకుని, కబుర్లలో పడి అన్నం సరిగా తినలేదనుకోండి, తెల్లవారుజామున షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, తడబడే మాట, తూలడం, తిక్కతిక్కగా మాట్లాడటం... చూసేవారు ‘ఎక్కువైంది, పడుకోనివ్వండి’ అంటారు. అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. అలా కనిపిస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుండి, స్పృహలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. మెట్‌ఫార్మిన్ వాడుతూ అతిగా తాగితే, కిడ్నీలు కూడా బలహీనంగా ఉన్నప్పుడు, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. అరుదే గానీ చాలా తీవ్రం. పండగైనా సరే, ఆయనకు పోయకండి.

కల్లు సంగతి. చెట్టు నుంచి దించినప్పుడు తియ్యగా ఉంటుంది, అది చక్కెరే. పులిసేకొద్దీ చక్కెర తగ్గి ఆల్కహాల్ పెరుగుతుంది. పొద్దున తాగితే ఒకటి, సాయంత్రం తాగితే ఇంకొకటి. రెండూ మీకు పనికొచ్చేవి కావు. పైగా దుకాణాల్లో అమ్మే కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులు కలిపిన కేసులు తెలంగాణలో ఎన్నో బయటపడ్డాయి. మీ ఆవిడ చెప్పినట్టు వినండి.